దృష్టి స్వకరతలమందే నిలువవలెను

వీరశైవుడు ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచుకొని పూజించును. ఆ సమయమున దృష్టియంతయు తన లింగమునందే నిలువవలెనని గురువులు బోధింతురు. ప్రక్కన కూర్చున్నవాని పూజాద్రవ్యములను లెక్కించువానికి పూజ సాగదు. ఈ నియమము పూజావేళతో ముగియునది కాదు, జీవితమంతటికిని వర్తించునది. పరులతో తన్ను పోల్చుకొని క్రుంగువాడు తన అరచేతిని విడిచి పొరుగువాని అరచేతిని చూచువాడే.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో చాకలియైన మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, వెదురుబుట్టలల్లు మేదర కేతయ్య ఉండిరి. మంత్రిపదవిలోనున్న బసవేశ్వరునితో పోల్చుకొని వారు తమ కాయకమును హీనముగా తలంపలేదు. బసవేశ్వరుడు సైతము తన మనస్సుయొక్క చాంచల్యమును వచనములలో దాచక చెప్పుకొనెను. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగా తేగా, అది ఆశయే యని ధర్మపత్ని లక్కమ్మ తలంచి, మిగిలినదానిని తెచ్చినచోటనే వేసి రమ్మని పంపెనని సంప్రదాయకథ. ఆ యిల్లాలికి తమ యింటి కొలత తెలియును. పరుల గాదెలతో ఆమెకు పని లేదు.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమందు ముగ్ధభక్తుల కథలు గలవు. వారిలో బెజ్జమహాదేవి శాస్త్రమెరుగనిది. శివునకు తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై, బిడ్డకువలె ఆయనకు ఉపచారములు చేసినది. పండితురాలు కాలేదే యని ఆమె చింతించి కూర్చుండియున్నచో ఆ భక్తి మనకు దక్కెడిది కాదు.

పాలమూరు, నల్లగొండ మెట్టసీమల రైతునకు ఈ తత్త్వము క్రొత్తది కాదు. తన చల్క నేల కృష్ణాతీరపు మాగాణి కాలేదని అతడు దానిని బీడు పెట్టడు. దాని లోతును, తేమను ఎరిగి ఆముదమో, జొన్నయో, కందియో విత్తును. నేలయెడల ఇంత ఓర్మి గలవాడే తన బిడ్డ పరీక్ష తప్పినపుడు పొరుగింటి పిల్లవాని పేరెత్తి ప్రతిదినము అన్నము ముందు దెప్పిపొడుచుట విచారకరము. ఆ మాటచే బిడ్డకు చదువు రాదు. తినుచున్న ముద్ద మాత్రము చేదగును.

అయితే కొరతను అంగీకరించుట వేరు. దోషమును సాగనిచ్చుట వేరు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతములందు భూగర్భజలములోని ఫ్లోరైడువలన దశాబ్దులపాటు ఎందరికో ఎముకలు వంగిపోయినవి. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. వంగిన ఎముకను మందు మరల తిన్నగా చేయజాలదు. ఆ దేహమునకు సిగ్గుపడ పనిలేదు. వంగిన దేహమునకును ఇష్టలింగము అదియే, అరచేయియు అదియే. కాని నీటిని మార్చవచ్చును. అందుకై ఆ ప్రజలు ఏండ్లతరబడి పోరాడిరి. కృష్ణాజలము వారి గ్రామములకు చేరినది. వంగిన వెన్నునకు సిగ్గు వలదు. చెడునీటియెడల ఓర్పు వలదు.

మనస్సుననుసరించియు ఇట్లే విభజించి చూడవలెను. మందబుద్ధి, రూపలోపము, కంఠమాధుర్యము లేకుండుట మున్నగునవి మనము చేసికొన్నవి కావు. వానిని శాంతముగా స్వీకరింపవలెను. కోపము, అసత్యము, సోమరితనము మన అలవాట్లు. వానిని సదాచారముచే దిద్దుకొనవలెను. భృత్యాచారము వినయమును కోరును గాని ఆత్మనిందను కోరదు. తన్ను తాను తిట్టుకొనువాడు కూడ తన్నుగూర్చియే తలపోయుచుండును. శివుని తలపునకు వానికి తీరిక యెక్కడిది?

భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములను షట్‌స్థలములు మెట్లవంటివి. నిన్న తానెచ్చట నిలిచెనో, నేడెచ్చట నిలిచెనో చూచుకొనువానికే అవి ఉపకరించును. పొరుగువాడు ఏ మెట్టుపై నున్నాడో తెలిసినంతమాత్రమున తన పాదము పైకి లేవదు. కావున గృహస్థులు బిడ్డలకు దీక్షతోపాటు ఈ మాటను కూడ నేర్పుదురు గాక: లింగము నీ చేతిలో నున్నది, దృష్టిని అచ్చటనే నిలుపుము.