జవాబు 42, మరి ప్రశ్న?

డగ్లస్ ఆడమ్స్ 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' 1978లో రేడియో నాటకం, 1979లో నవల, 2005లో సినిమా. రేడియోలో కథానాయకుడైన సైమన్ జోన్స్ సినిమాలో చిన్న పాత్రలో కనిపిస్తాడు.

అందులో ఒక మహా కంప్యూటర్ 75 లక్షల ఏళ్లు ఆలోచించి జీవితానికి జవాబు 42 అంటుంది. ప్రశ్న ఎవరికీ తెలియదు! 1980 నాటి రెండో నవలలో ప్రశ్న దొరుకుతుంది: ఆరు తొమ్మిదులు ఎంత? 54 కదా, తప్పే! కానీ పదులకు బదులు పదమూళ్లలో లెక్కిస్తే 54 అంటే నాలుగు పదమూళ్లు, రెండు ఒకట్లు. అంటే 42! పాఠకులు కనిపెట్టిన ఈ లెక్క తాను అనుకుని రాసింది కాదన్నాడు రచయిత.

మేమూ పదో తరగతి దాకా గైడులో జవాబులే బట్టీపట్టాం. పీజీలో ప్రశ్న మార్చి అడిగితే నోరు పెగల్లేదు. తమ్ముళ్లారా, ముందు ప్రశ్నను అర్థం చేసుకోండి.