మిలాన్‌లో ఉన్న మేనకోడలికి, ఓవెన్ సంగతి

తనకల్లు

 

నువ్వు పంపిన ఫోటో చూసినా. ట్రేలో నీళ్లు నిలబడినాయి, కోడి పాలిపోయింది, ఉర్లగడ్డలు లోపల పచ్చిగానే ఉండాయని చూస్తేనే తెలుస్తా ఉంది. నీకు ఓవెన్ అచ్చిరాదనీ, ఇంక నూడుల్సే గతి అనీ రాసినావు. ఒక్క ట్రే చెడిపోతే అంత మాటా?

కదిరి, రాయచోటి పక్క నుంచి కువైట్‌కు పోయొచ్చిన ఆడవాళ్లను ఎవర్నడిగినా ఈ వంట చెప్తారు. నేనూ సేటు ఇంట్లోనే నేర్చుకున్నా. అక్కడ సీనియా అంటారు. కోడి, ఉర్లగడ్డ, టమోటా, నిమ్మకాయ, బహారాత్ మసాలా, అన్నీ ఒకే పళ్లెంలో పెట్టి ఓవెన్‌లోకి తోస్తారు. మీ ఇటలీవాళ్లది దానికి చెల్లెలి వరస. మసాలా ఉండదు. రోజ్‌మరీ రెమ్మలు, తెల్లగడ్డ, ఆలివ్ నూనె, ఉప్పు, మిరియాలు, అంతే.

మనం సంగటి ముద్ద అద్దుకోను పులుసు కావాలని కోడిని నీళ్లు పోసి వండతాం. నీ చేతికి ఆ అలవాటే ఉంది. ఈ వంటకు మాత్రం నీళ్లే శత్రువు. తడి ఉన్నంతసేపూ కోడి ఉడుకుతుందే గానీ కాలదు.

కాబట్టి ముందు కోడిని ఆరబెట్టు. ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్లు కడగందే మనకు మనసొప్పదు, నాకు తెలుసు. అక్కడ ప్యాకెట్లో వచ్చే కోడిని కొళాయి కింద పెట్టొద్దు. చిందిన నీళ్లతో క్రిములు సింకు చుట్టూ పడతాయి, కోడిలోవి చచ్చేది వేడికే. కాగితంతో ఒత్తి తడి తీసి, ఉప్పు రాసి, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో కింది అరలో మూత లేకుండా పెట్టు. ఎముకున్న తొడ ముక్కలే తీసుకో. రొమ్ము ముక్క ఒక్క పది నిమిషాలు ఎక్కువైతే పీచు పీచవుతుంది, తొడ ఓర్చుకుంటుంది. తోలు తీయొద్దు. మనూర్లో నాటుకోడినైతే మంట మీద కాల్చి, పసుపు పూసి తోలుతోనే కొట్టిస్తాం. బాయిలర్ కోడి అంగట్లో మాత్రం తోలు తీసేయమంటాం, ఎందుకో మరి. ఈ ట్రేలో రుచంతా ఆ తోలుదే. దాని కొవ్వు కరిగి ఉర్లగడ్డలకు పడుతుంది.

ఇద్దరికి నాలుగు తొడలు, ముప్పావు కిలో ఉర్లగడ్డలు చాలు. లోపల పసుప్పచ్చగా ఉండే రకం తీసుకో. చెక్కు తీసి పెద్ద ముక్కలు కోసి, మరిగే ఉప్పునీళ్లలో 7, 8 నిమిషాలు ఉడికించి వంపెయ్. ఆ గిన్నెలోనే ఆవిరి పోనిచ్చి, మూత పెట్టి ఒక్కసారి గట్టిగా కుదుపు. ముక్కల అంచులు గరుగ్గా లేస్తాయి, ఆ గరుకే తర్వాత కరకరలాడేది. నువ్వు ఈ పని చేయకుండా పచ్చివే వేసుంటావు.

ఉర్లగడ్డలకు ఆలివ్ నూనె, మిరియాలు, రోజ్‌మరీ పట్టించి, తెల్లగడ్డ పాయలు పొట్టుతోనే వెయ్యి. ఒలిచి తరిగితే మాడి చేదెక్కుతాయి. పొట్టుతో ఉంటే లోపల వెన్నలా అయి, నొక్కితే బయటికొస్తాయి. కారంపొడి కోసం నీ చెయ్యి లాగుతుంది. వెయ్యొద్దు, పొడి వేడికి అదీ మాడుతుంది. కారం లేనిది ముద్ద దిగకపోతే పక్కన ఊరిబిండి పెట్టుకో, ఎవరొద్దన్నారు? ఇటలీలోనే దక్షిణాన కలబ్రియా వాళ్లు మిరపకాయ బాగానే తింటారు.

ట్రేలో ముక్కకూ ముక్కకూ నడుమ సందుండాల. ఒకదాని మీదొకటి పడితే ఆవిరి పోను దోవ లేక నీ ఫోటోలో మాదిరే అవుతుంది. ఓవెన్ ముందే బాగా కాగనీ. ఫ్యాన్ తిరిగేదైతే 200 డిగ్రీలు, లేకుంటే 220. తోలు పైకి పెట్టి ముక్కాలు గంట. మధ్యలో ఒక్కసారి ఉర్లగడ్డలు తిప్పు, కోడిని కదిలించొద్దు. ఊరికే తలుపు తీసి తొంగి చూస్తే వేడంతా పోతుంది. ఆ టైములో చదువుకో. ఎముక పక్కన లోతుగా పొడిస్తే నీళ్లు తేటగా రావాల. వంట థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు దాటాల. నిమ్మరసం బయటికి తీసినాక పిండు, ముందే పిండితే మళ్లీ తడే.

కరెంటు బిల్లు ఇంట్లో అందరం పంచుకుంటామన్నావు కాబట్టి ఓవెన్ వెలిగించినప్పుడు రెండు ట్రేలు పెట్టు. నడుమ వాటిని పైకీ కిందికీ మార్చు. మిగిలింది రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లోకి పోవాల. ట్రే అడుగున అంటుకున్నది పారేయొద్దు, వేడినీళ్లు రెండు గరిటెలు పోసి గీరి మర్నాడు అన్నంలో కలుపుకో.

చెనిక్కాయల నూనె అడిగినావు. ఈ వంటకు వద్దు, అక్కడి ఆలివ్ నూనే బాగుంటుంది. చేన్లో ఈసారీ కదిరి-6 రకం చెనిక్కాయే వేసినాం. వాన కలిసొస్తే గానుగ ఆడించి, నీ పోపులకని మీ నాయన చేత పంపిస్తా.

ఇంకొకటి. ట్రేను తడిగుడ్డతో పట్టుకోవద్దు. వేడి క్షణంలో గుడ్డలోంచి దాటి చెయ్యి బొబ్బలెక్కుతుంది. పొడిగుడ్డ మందంగా మడిచి పట్టుకో, లేదంటే ఓవెన్ గ్లౌజులు కొనుక్కో.

ఇట్లు
మీ అత్త