ఎన్‌క్లెక్స్‌లో ‘ముందు ఏం చేస్తావు?’

ప్రశ్న: మాది మైపాడు దగ్గర. బీఎస్సీ నర్సింగ్ చేసి నెల్లూరులో మూడేళ్లుగా డ్యూటీ చేస్తున్నాను. అమెరికా వెళ్లాలని అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కి చదువుతున్నా. రోజూ రెండొందల ప్రశ్నలు చేసినా సగం తప్పులే. ఏం చేయాలి మేడమ్?

జవాబు: ప్రశ్నలు తగ్గించమ్మా. రోజుకు నలభై చాలు. సరైన జవాబు ఎందుకు సరైందో, మిగతావి ఎందుకు కావో నీ మాటల్లో రాసుకో. మన వార్డుల్లో తేడా కనిపించగానే డాక్టరుగారికి ఫోన్ చేస్తాం. ఈ పరీక్షలో చాలాసార్లు ఆ ఆప్షనే దెబ్బతీస్తుంది.

షుగరు పేషెంటు ఇన్సులిన్ వేయించుకుని టిఫిను తినలేదనుకో. చెమటలు, వణుకు, స్పృహ ఉంది. ముందు గ్లూకోమీటరు. 70 లోపుంటే 15 గ్రాముల చక్కెర అందేలా అరగ్లాసు పళ్లరసం, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. ఫోను ఆ తర్వాత.

డ్రిప్ లెక్కలు రోజూ చెయ్యి. లీటరు సెలైన్ 8 గంటల్లో అంటే గంటకు 125 మి.లీ. మి.లీ.కు 20 చుక్కల సెట్టుకు నిమిషానికి 42 చుక్కలు, 15 చుక్కలదానికి 31. సెట్టు మీది అంకె చూశాకే లెక్క మొదలుపెట్టు.

పరీక్ష 5 గంటలు, 85 నుంచి 150 ప్రశ్నలు. దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్లలేవు. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలూ వచ్చాయి. వాటికి నీ వార్డే మంచి పుస్తకం. రొయ్యల చెరువు కూలీ ఎండదెబ్బతో వచ్చాడా? ఏ లక్షణం ప్రమాదం, ముందు ఏం చేశారు, గంట తర్వాత మెరుగైందా? డ్యూటీ దిగి ఇంటికెళ్లే బస్సులోనే రాసేయి.