మైకు ముందు మెల్లని గొంతు – ఏ.ఎం. రాజా పాటలు

ఒక గాయకుణ్ణి ఏర్చి కూర్చిన పాటల ద్వారా తెలుసుకొంటే మనకు ఏం దక్కుతుంది, ఏం దక్కదు? ఈ ప్రశ్నకు ఏ.ఎం. రాజా మంచి ఉదాహరణ. ఆయన పాటలు పన్నెండు ఉన్న పాత క్యాసెట్టు ఒకటి మా ట్రాక్టరు పనిముట్ల డబ్బాలో దొరికింది. అంతకుముందు ఆయన పేరు కూడా నాకు తెలియదు.

మా కోయిలకుంట్ల వైపు చెవులకు అలవాటైన గొంతు వేరు. 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట పాడేవారు కానీ, తిరునాళ్లలో పద్యనాటకం ఆడేవారు కానీ గొంతెత్తి పాడతారు. ఎత్తక తప్పదు మరి! ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. 1 మీటరు దూరంలో ఉన్న తీవ్రతలో 1024వ వంతు మాత్రమే 32 మీటర్ల దూరానికి చేరుతుంది. అంటే సుమారు 30 డెసిబెల్స్ తగ్గుదల. కడపటి వరుసలో చాప పరచుకొని కూర్చున్నవాడికి పద్యం అందాలంటే ఆ నష్టాన్ని గాయకుడి ఊపిరితిత్తులే భరించాలి.

రాజాకు ఆ బాధ లేదు. మైకు జానెడు దూరంలో ఉంటుంది. అయితే ఇందులో ఇంకో చిక్కుంది. మైకు దయాదాక్షిణ్యాలు లేనిది. ఊపిరి తీసిన చప్పుడు, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా, అన్నీ పట్టేస్తుంది. 'విప్రనారాయణ' (1954)లో అక్కినేనికి, 'మిస్సమ్మ' (1955)లో ఎన్.టి.ఆర్.కు ఆయన పాడినవి వినండి. ఎక్కడా గొంతు చించుకోడు. పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పెద్దగా పాడడమే గొప్ప అనుకొనే మావాళ్లు కొందరు "ఇదేం పాటప్పా, గుసగుసలాడినట్టుంది" అన్నారు. ఆ గుసగుసను శ్రుతి చెదరకుండా నిలబెట్టడమే కష్టమని నా అభిప్రాయం.

రాజా మన సీమవాడే. 1929 జులై 1న చిత్తూరు జిల్లా రామాపురంలో పుట్టి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో 1951లో బి.ఎ. ముగించాడు. తమిళ, మలయాళ, కన్నడ భాషల్లోనూ పాడాడు.

ఇక క్యాసెట్టు చెప్పని సంగతి. జొన్నచేలో విత్తనానికి మంచి కంకులు ఏరుకొంటాం. ఆ కంకులు చూసి చేను ఎట్లా పండిందో చెప్పలేం. ఏరిన పాటలూ అంతే. అట్టమీద 'గానం: రాజా' అని మాత్రమే ఉంది. 'శోభ' (1958), 'పెళ్ళికానుక' (1960) చిత్రాలకు సంగీతం కూర్చింది కూడా ఆయనే అని నేను విడిగా తెలుసుకోవలసి వచ్చింది. 'పెళ్ళికానుక'కు మూలమైన తమిళ 'కల్యాణ పరిసు' (1959) సంగీతమూ ఆయనదే. ఈ సంగతి తెలిశాక అవే పాటలు మళ్లీ వింటే చెవి గొంతు మీద కాక, గొంతు చుట్టూ ఆయన వదిలిన ఖాళీ మీదికి పోతుంది. వాద్యాలు ఎక్కడ తగ్గాలో పాడేవాడికే బాగా తెలుసు కదా!

ఇంకొకటి. 78 వేగపు పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది. అక్కడితో ఆపి, ప్లేటు తిప్పాలి. క్యాసెట్టులో ఆ విరామం పోయింది. పన్నెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి అన్నీ ఒకే రకం అనిపించే ప్రమాదముంది. కాబట్టి రోజుకు రెండు చొప్పున వినమంటాను.

1989 ఏప్రిల్ 8న తమిళనాడులోని వళ్ళియూరు స్టేషనులో రైలు ప్రమాదంలో రాజా చనిపోయాడు. ఆయన భార్య, గాయని జిక్కి 2004 వరకు జీవించింది. నా దగ్గరున్న పన్నెండింటిలో వాళ్లిద్దరూ కలిసి పాడినవి రెండే. ఇప్పుడు జిక్కి పాటల కోసం వెదుకుతున్నాను.