పరిగె విడిచిన పొలం



వరి కోతలైన తర్వాత పొలంలో రాలిన వెన్నులను ఏరుకోవడాన్ని పరిగె ఏరుకోవడమంటాం. లేవీయకాండము 19వ అధ్యాయంలో దీనిని గురించి ఒక ఆజ్ఞ ఉంది. పొలాన్ని అంచులదాకా కోయరాదు, రాలినదాన్ని ఏరుకోరాదు, అది పేదలకూ పరదేశులకూ విడవాలి. పంట ఇంటికి చేరి గాదె నిండాక కాస్త దానం చేయమని కాదు ఇక్కడ చెప్పింది. కొడవలి పట్టకముందే పేదవాని భాగం లెక్కలో ఉండాలన్నది. బోవసు ఇంకొక అడుగు వేశాడు. రూతుకోసం పనలనుండి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడవేయమని తన పనివారికి చెప్పాడు.

వ్యాపారంలో సామాజిక బాధ్యత అనగానే మనకు తోచేది దానమే. మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను, కొంత స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజ హితానికి ఖర్చు చేయాలని విధించింది. మంచిదే. దానివల్ల బడులకు గదులు, పల్లెలకు మంచినీళ్లు వచ్చాయి. కాని ఆ సెక్షను చూసేది లాభం ఎలా ఖర్చయిందన్నది. ఎలా వచ్చిందన్నది దాని ప్రశ్న కాదు. గుడి పండుగకు పందిరి వేయించి, మైకులో పేరు చదివించుకుని, శనివారం కూలి మాత్రం వచ్చే వారానికి వాయిదా వేసే యజమానులు మన విచారణల్లో లేరా? అట్టి కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవిని పడుతుందని యాకోబుగారు తన లేఖ 5వ అధ్యాయంలో హెచ్చరించారు.

శ్రీసభ బోధ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1891లో 13వ లియో పోపుగారు, కార్మికుడు పొదుపుగా బ్రతకడానికైనా చాలని కూలి న్యాయమైనది కాదన్నారు. నూరేళ్ల తర్వాత 1991లో 2వ జాన్ పాల్ పోపుగారు తమ విశ్వలేఖలో లాభాన్ని తప్పు పట్టలేదు. లాభం వస్తున్నదంటే సంస్థ సరిగా నడుస్తున్నదనడానికి అదొక గుర్తేనన్నారు. అయితే లెక్కలన్నీ సరిగా ఉండి కూడా లోపల మనుషులు అవమానాల పాలు కావచ్చునన్నారు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారి విశ్వలేఖ ఈ లెక్కలోకి నేలనూ నీటినీ కూడా చేర్చింది.

ఇదంతా పెద్ద కంపెనీల సంగతి అనుకోకండి. మన కోస్తాలో జరిగినదే చూడండి. 1990ల తొలి సంవత్సరాల్లో నెల్లూరు మొదలుకొని తీరం పొడుగునా టైగర్ రొయ్యల చెరువులు తవ్వారు. ఒక్క పంటకే అప్పులు తీరి మేడలు లేచినవారున్నారు. చెరువులోని మురుగునీరు కాలువలోకి వదిలారు. పక్క రైతు అదే కాలువనుండి నీరు తోడుకున్నాడు. 1994లో తెగులు వచ్చినప్పుడు ఆ నీటి వెంటే చెరువునుండి చెరువుకు పాకింది. తీరగ్రామాల బావులు ఉప్పనయ్యాయి, జాలరులకు సముద్రానికి వెళ్లే దారులు మూసుకుపోయాయి. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ గారు వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ సాగువల్ల వచ్చే రాబడికన్నా సమాజానికి జరిగే నష్టమే ఎక్కువన్న నిపుణుల నివేదికను అందులో ప్రస్తావించింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. దాని కింద వెలువడిన మార్గదర్శక సూత్రాలు 5 హెక్టార్లు మించిన క్షేత్రాలు మురుగునీటిని శుద్ధిచేసే చెరువును వేరుగా ఉంచాలన్నాయి. ఆ చెరువులో రొయ్య పెరగదు, కనుక చాలామందికి అది దండుగ అనిపించింది. కాని కాలువ ఒక్కటే అయినప్పుడు పొరుగువాని నీరు నీ నీరే కదా! పొలం అంచున విడిచిన ఆ పరిగె నిజానికి వచ్చే పంటకు పెట్టుబడి.

ఇలా నడపడం సాధ్యమా అని అడిగేవారికి ఒక ఉదాహరణ. 1991 మే నెలలో ఫోకలారె ఉద్యమ స్థాపకురాలు కియారా లూబిక్ గారు బ్రెజిల్‌లోని సావో పాలో వెళ్లారు. ఆకాశాన్నంటే భవనాల చుట్టూ ముళ్లకిరీటంలా మురికివాడలను చూసి, అక్కడి విశ్వాసులను వ్యాపారాలు పెట్టమన్నారు. లాభంలో ఒక భాగం పేదలకు, ఒక భాగం ఇచ్చిపుచ్చుకునే గుణంలో మనుషులను తీర్చిదిద్దడానికి, ఒక భాగం సంస్థ పెరగడానికి. మూడవ భాగాన్ని ఆమె మరువకపోవడం నాకు నచ్చింది. దుకాణం మూతబడితే పేదవానికి ఇచ్చేదేముంది?

మీకు కిరాణా కొట్టో, రైసుమిల్లో, నాలుగు ఎకరాల చెరువో ఉంటే ఈ వారం ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చోండి. లాభం తేల్చకముందే ఖర్చుల వైపు మూడు పద్దులు రాయండి. గుమాస్తా కుటుంబం నెలంతా గడవడానికి నిజంగా ఎంత కావాలి, మిల్లు దుమ్మునో మురుగునో పొరుగువారి మీదికి పోకుండా ఆపడానికి ఎంతవుతుంది, పని చేస్తూ దెబ్బ తగిలినవారి వైద్యానికి ఎంత తీసిపెట్టాలి. ఒక్కసారిగా మూడూ మీ తాహతుకు మించవచ్చు. అప్పుడు కూలి పద్దుతో మొదలుపెట్టండి, మిగిలిన రెండింటికి తేదీలు వేసుకోండి. ఆ కాగితాన్ని ఇంట్లోవారికీ, మీ దగ్గర పనిచేసేవారికీ చూపించండి. మీ లెక్కలో ఏది తప్పిపోయిందో మీకన్నా వారికే బాగా తెలుసు.