మెనింగోకాక్కస్ జ్వరము: ప్రాంతీయ వ్యాప్తియు నిఘాయు

మెనింగోకాక్కస్ అను సూక్ష్మజీవి మెదడును కప్పియుండు పొరలకు వాపు గలిగించును. దగ్గు తుమ్ముల తుంపరలచేతను, సన్నిహిత సహవాసముచేతను ఒకరినుండి యొకరికి సోకును.

ఢిల్లీయందు 1966, 1985, 2005 సంవత్సరములలోను, మేఘాలయమున 2008లోను, త్రిపురయందు 2009లోను ఇది ప్రబలెను. ఉత్తర హిందూస్థానమున చలికాలమునుండి వేసవి తొలినాళ్లవరకు హెచ్చుచుండును. ఈశాన్య రాష్ట్రములకు ద్వారమైన కోల్‌కతా నగరమునకు ఇది హెచ్చరిక. ఇచ్చటినుండి హజ్ యాత్రికులును బయలుదేరుదురు. 1987లో మక్కాయందు ఈ జ్వరము ప్రబలిన పిమ్మట యాత్రికులకు టీకా విధింపబడెను.

హఠాత్తుగా జ్వరము, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగియుట, ఒంటిపై ఊదారంగు మచ్చలు కానవచ్చినచో ఒక్క దినములోనే మరణము సంభవింపవచ్చును. కావున ప్రయోగశాల నిర్ణయమునకై వేచియుండక, అనుమానము కలిగిన నాడే ఆరోగ్యాధికారికి తెలుపవలెను. రోగితో కలిసి వసించువారి పట్టికను ఆనాడే వ్రాసినగాని, వారికి నివారణౌషధము 24 గంటలలోపల అందదు. రోగులు లేని వారమునను నివేదిక పంపవలెను. నివేదిక రాకుండుట రోగము లేదనుటకు సాక్ష్యము కానేరదు.