సంఘ పాఠం: అడిగి చేసిన ఏర్పాటే నిలుస్తుంది



సంఘంలో కొత్త ఏర్పాటు చేయడం సులభం. దానిని నిలబెట్టడం కష్టం. ఎవరి కోసం ఆ ఏర్పాటో వారిని ముందుగా అడగకపోతే అది నిలవదు. ఈ సంగతి మేము పొరపాటు చేసి నేర్చుకొన్నాము.

ఒక సంఘంలో సాయంత్రం పాలు విరుగుతున్నాయని తనిఖీకి వెళ్ళాము. పాలబండి తొందరగా బయలుదేరాలని సేకరణ వేళను ఆరున్నర నుండి అయిదుకు మార్పించాము. పాలకవర్గం తీర్మానం చేసింది. నెల తిరిగేసరికి పాలు సగమయ్యాయి. ఇల్లిల్లూ తిరిగితే ఒక ఇల్లాలు చెప్పింది: "నాట్లకు పోయి వచ్చేసరికి ఆరవుతుందండీ. అయిదుకు గేదెను పితికేదెవరు? అందుకే వర్తకుడికి పోస్తున్నాం." మేపేదీ, పితికేదీ ఆమె, సభ్యత్వం భర్త పేరున ఉంది. సమావేశానికి ఆమెను పిలిచినవారు లేరు.

తరువాత ఆడవారిని కూర్చోబెట్టి అడిగాము. బండి ముందు పై ఊళ్ళు చూచుకొని, చివరకు తమ ఊరు వచ్చి, నేరుగా శీతలీకరణ కేంద్రానికి పోతే చాలునని వారే చెప్పారు. పై ఊళ్ళవారినీ అడిగాము. వారివి మెట్ట పొలాలు. ముందు వేళ వారికి అనుకూలమే. పాలు విరగడం తగ్గింది, పోసేవారు తిరిగి వచ్చారు.

దీనికి పెద్ద ఉదాహరణ గుజరాత్‌లోని ఖేడా జిల్లా. అక్కడ పాల ధర దళారుల చేతిలో ఉండేది. 1946లో సర్దార్ పటేల్ సలహాపై రైతులే సమావేశమై, పదిహేను రోజులు బొంబాయికి పాలు ఆపారు. త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగి సంఘాలు పెట్టించారు. ఆ ఏడాది డిసెంబరు 14న, నేడు అమూల్‌గా మనమెరిగిన జిల్లా యూనియన్ రిజిస్టరయింది. 1949లో వచ్చిన ఇంజనీరు వర్గీస్ కురియన్ డెయిరీని నడిపారు. పెత్తనం మాత్రం రైతులు ఎన్నుకొన్న పాలకవర్గానిదే. 1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అక్కడి పల్లెలో రాత్రి బస చేసి స్వయంగా చూశారు. 1965లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1970లో క్షీరవిప్లవ పథకం మొదలయింది. యంత్రాలను డబ్బిచ్చి కొనవచ్చు. ఇది మాది అనే భావాన్ని కొనలేము.

వచ్చే సమావేశంలో ఈ ప్రశ్నలు చర్చించండి:

1. పాలు పితికేవారిలో ఎందరికి సొంత పేరున సభ్యత్వం ఉంది?

2. సేకరణ వేళ, బిల్లుల రోజు ఎవరిని అడిగి పెట్టాము?

3. మార్పు తరువాత పాలు మానినవారి ఇంటికి వెళ్ళామా?

జవాబులు మినిట్సు పుస్తకంలో వ్రాయండి. తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట ఆ పేజీనే చూస్తాము.